అరికాళ్ల మంటలకు వాపు తగ్గించే మందు: ఒకే రోగిపై ప్లాసిబోతో పోల్చి చూసిన పరీక్ష

మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని అరికాళ్లలో మంటలు, పోట్లు, తిమ్మిర్లు మొదలైనవారిలో చాలామంది, వైద్యుడి దగ్గరికి వచ్చేసరికే ఏదో ఒక నొప్పి మాత్రకు అలవాటుపడి ఉంటారు. ఆ మాత్ర సాధారణంగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటి వాపు తగ్గించే మందే. మధుమేహ నరాల నొప్పికి మొదటి వరుసలో సిఫారసు చేసే మందులు వేరు: ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. అయినా నొప్పి మాత్ర వాడుతున్న మనిషి 'దీనితో తగ్గుతోంది' అని గట్టిగా చెప్పినప్పుడు, ఆ మాటను కొట్టిపారేయడం ఎంత తేలికో, పరీక్షించకుండా నమ్మడమూ అంతే తేలిక. ఈ రెండూ చేయకుండా, ఆ మాత్రనే అదే రోగిలో ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చి చూసిన సందర్భమిది. రోగిని గుర్తుపట్టగల వివరాలు తొలగించి, ఆమె అనుమతితో రాస్తున్నాను.

రోగి, ఆమె నొప్పి

ఆమె వయసు 58 ఏళ్లు. రెండో రకం మధుమేహం 11 ఏళ్లుగా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ తప్ప మరే మందూ లేదు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 7.9 శాతం, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 0.8, ఈజీఎఫ్ఆర్ 84, మూత్రంలో ఆల్బుమిన్ పరిమితి లోపలే ఉంది. దాదాపు మూడేళ్లుగా రెండు అరికాళ్లలోనూ మంట. పగలు పనిలో పడితే కొంత మరుగునపడుతుంది, రాత్రి పడుకోగానే పెరుగుతుంది. పాదాల మీద దుప్పటి ఆనినా భరించలేరు, కాళ్లు బయటపెట్టుకునే నిద్రపోతారు.

పరీక్షలో చిత్రం స్పష్టంగానే ఉంది. 10 గ్రాముల మోనోఫిలమెంట్ (స్పర్శను పరీక్షించే నైలాన్ పోగు) స్పర్శ రెండు బొటనవేళ్ల కింద తెలియలేదు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కంపనం బొటనవేలి దగ్గర లేదు, చీలమండ దగ్గర తగ్గింది. చీలమండ రిఫ్లెక్సులు రాలేదు. పాదాల నాడి బాగానే కొట్టుకుంటోంది కాబట్టి రక్తప్రసరణ లోపం అనుకోవడానికి లేదు. నరాల నొప్పిని గుర్తించే డీఎన్4 ప్రశ్నావళిలో 10కి 6 వచ్చాయి. 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నరాల నొప్పి అని అనుమానిస్తాం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 లోపం ఇలాంటి లక్షణాలనే తెస్తుంది కనుక అది ముందే చూశాము, సరిపడా ఉంది. థైరాయిడ్, సీరం ప్రోటీన్ పరీక్షలు మామూలుగా ఉన్నాయి, మద్యం అలవాటు లేదు.

అంతకుముందు ఆమెకు ప్రీగాబలిన్ ఇచ్చారు. మత్తు, పాదాల వాపు వచ్చి మానేశారు. డ్యులోక్సెటిన్ వికారం వల్ల వారం కూడా సాగలేదు. ఆ తర్వాత తనంతట తాను నాప్రోక్సెన్ 250 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వేసుకోవడం మొదలుపెట్టి నెలల తరబడి కొనసాగిస్తున్నారు. మానేయమన్నప్పుడు ఆమె ఇచ్చిన జవాబు ఇది: "మానేస్తే నడవలేను డాక్టర్ గారూ, అది వేసుకుంటేనే కాళ్లు నా మాట వింటాయి."

ఆ జవాబులో 'నడవలేను' అన్న మాట నన్ను ఆపింది. మధుమేహ నరాల మంట సాధారణంగా విశ్రాంతిలో, రాత్రిపూట బాధిస్తుంది. నడకను అంతగా అడ్డుకోదు. పాదాన్ని మళ్లీ పరీక్షించగా ఎడమ మడమ లోపలి అంచున ఒక చోట వేలితో నొక్కితే ఉలిక్కిపడేంత నొప్పి ఉంది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులే ఎక్కువ బాధ అని, కాస్త నడిచాక సర్దుకుంటుందని అడిగితే చెప్పారు. ఇది మడమ శూల, అంటే అరికాలి కండరపట్టీ మడమకు అతుక్కునే చోట వచ్చే నొప్పి. మోకాళ్లలో కీలు అరుగుదల కూడా ఉంది. అంటే 'కాళ్ల నొప్పి' అని ఆమె ఒకే పేరుతో పిలుస్తున్నవి నిజానికి రెండు వేర్వేరు నొప్పులు, వాటి పుట్టుక వేరు, వేళలు వేరు. నాప్రోక్సెన్ వీటిలో దేన్ని తగ్గిస్తోందన్నదే అసలు ప్రశ్న.

పరీక్ష ఎలా కుదిర్చాము

ఇలా ఒకే మనిషిపై మందును, ప్లాసిబోను మార్చి మార్చి ఇచ్చి పోల్చే పద్ధతిని ఎన్-ఆఫ్-వన్ పరీక్ష అంటారు. దీర్ఘకాలం ఒకే తీరుగా ఉండే జబ్బుకు, త్వరగా పనిచేసి త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోయే మందుకు మాత్రమే ఇది నప్పుతుంది. నాప్రోక్సెన్ రక్తంలో సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు పడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పూర్తిగా పోతుంది కనుక ఈ షరతు తీరింది. అమిట్రిప్టిలిన్ వంటి మందును ఇలా పరీక్షించడం కష్టం. మోతాదు పెంచుకుంటూ పోవడానికే వారాలు పడుతుంది, నోరు ఎండిపోవడాన్ని బట్టే రోగి మందును పసిగట్టేస్తారు.

భద్రత గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మధుమేహం ఉన్నవారికి ఈ మందులు తెలిసి తెలిసి ఇవ్వడం చిన్న విషయం కాదు. ఈ మందులు అడ్డుకునేది ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని. ఆ రసాయనాలు మూత్రపిండానికి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతాయి. వాటిని ఆపితే, అప్పటికే ఒత్తిడిలో ఉన్న మూత్రపిండం దెబ్బతింటుంది. రక్తపోటు మందులైన ఏసీఈ ఇన్హిబిటరో ఏఆర్‌బీయో, దానితో పాటు మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వాడే వ్యక్తి అయి ఉంటే నేను ఈ పరీక్షకు ఒప్పుకునేవాణ్ని కాదు. ఆమె ఆ మందుల్లో ఏదీ వాడటం లేదు. మూత్రపిండాలు బాగున్నాయి, గుండె జబ్బు, కడుపు పుండు గతంలో లేవు. అన్నిటికీ మించి ఆ మాత్రను ఆమె ఎవరి పర్యవేక్షణా లేకుండా ఇప్పటికే వాడుతున్నారు. గుండె వైపు చూసినా ఈ తరగతిలో నాప్రోక్సెన్ కొంత మెరుగు: 2013లో వచ్చిన పెద్ద సమష్టి విశ్లేషణలో ఇదే తరగతికి చెందిన కాక్సిబ్‌లు, డైక్లోఫెనాక్ తీవ్రమైన రక్తనాళ ఘటనలను దాదాపు మూడో వంతు పెంచగా, నాప్రోక్సెన్‌తో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. జీర్ణాశయంలో రక్తస్రావం వంటి ముప్పు మాత్రం అన్నిటితోనూ ఉంది. అందుకే పరీక్ష పొడవునా ఒమెప్రజోల్ ఇచ్చాము. క్రియాటినిన్ 30 శాతం పెరిగినా, రక్తపోటు 150/90 దాటినా, మలం నల్లబడినా అక్కడికక్కడే ఆపేయాలని ముందే రాసుకున్నాము. నైతిక సంఘం ఆమోదం, ఆమె రాతపూర్వక సమ్మతి తీసుకున్న తర్వాతే మొదలుపెట్టాము.

ఫార్మసిస్టు నాప్రోక్సెన్ మాత్రను ఒక క్యాప్స్యూల్‌లో, లాక్టోజ్‌ను అదే రంగు క్యాప్స్యూల్‌లో నింపారు. రెండు వారాలు ఒకటి, రెండు వారాలు మరొకటి. ఇలాంటి జతలు మూడు. ప్రతి జతలో ఏది ముందో చీటీ తీసి నిర్ణయించి, ఆ వరుసను మూసిన కవరులో తన దగ్గరే ఉంచుకున్నారు. నాకూ రోగికీ తెలియదు. ప్రతి రెండు వారాల్లోనూ మొదటి నాలుగు రోజుల అంకెలను లెక్కలోకి తీసుకోలేదు, అంతకుముందు వాడినది పూర్తిగా పోవాలి కాబట్టి. భరించలేనప్పుడు వేసుకోవడానికి పారాసిటమాల్ అనుమతించాము, వేసుకున్నది రాయాలన్నాము. మధుమేహ మందులను ఈ పన్నెండు వారాలూ మార్చలేదు. చక్కెర ఒక్కసారిగా తగ్గితే కూడా కొందరిలో కొత్తగా తీవ్రమైన నరాల నొప్పి మొదలవుతుంది. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ 2 పాయింట్లకు మించి పడిపోయినవారిలో ఇది ఎక్కువ. నొప్పి మందును పరీక్షిస్తూ పక్కనే చక్కెరను కూడా దిద్దుతూ పోతే, దేని ఫలితం దేనిదో చెప్పలేము.

ఈ పరీక్షలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది నొప్పి పుస్తకంలో గీసిన రెండు గడులు. మొదటిది, పడుకున్న తర్వాత అరికాళ్ల మంట, 0 నుంచి 10 వరకు. రెండోది, పొద్దున మొదటి అడుగులు, మెట్లెక్కడం వంటి కదలికలతో వచ్చే నొప్పి, అదే కొలతలో. మొదటి గడినే ప్రధాన ఫలితంగా ముందే ప్రకటించాము. ఎంత తగ్గితే తగ్గినట్టు అన్నదానికి, 2001లో ప్రీగాబలిన్ పరీక్షలు పదింటిని కలిపి చూసిన విశ్లేషణ ఆధారం: రోగి 'బాగా తగ్గింది' అనడానికి 11 అంకెల కొలతలో సుమారు 2 పాయింట్లు, లేదా 30 శాతం తగ్గుదల కావాలి.

ఏం కనిపించింది

ఏ నొప్పి మాత్రా వేసుకోని మొదటి వారంలో రాత్రి మంట సగటు 7.3, కదలిక నొప్పి 5.5. సగటులన్నీ వేసి సంతకం చేశాకే ఫార్మసిస్టు కవరు తెరిచారు.

రాత్రి మంట నాప్రోక్సెన్ వారాల్లో వరుసగా 6.4, 5.9, 6.1, ప్లాసిబో వారాల్లో 6.2, 6.3, 6.2. అంటే తేడా లేదు. కదలిక నొప్పి నాప్రోక్సెన్ మీద 3.4, 3.0, 3.3 ఉండగా, ప్లాసిబో మీద 5.1, 5.6, 5.2. మూడు జతల్లోనూ ఒకే దిక్కున, సగటున 2 పాయింట్లు, దాదాపు 39 శాతం తక్కువ. పారాసిటమాల్ వాడకం ప్లాసిబో వారాల్లో ఎక్కువ, అదీ ఎక్కువగా పగటిపూట. నాప్రోక్సెన్ వారాల చివర రక్తపోటు 128/78 నుంచి 138/84 వరకు పెరిగింది, క్రియాటినిన్ 0.8 నుంచి 0.9కి వచ్చింది. ఆపేయాల్సిన హద్దుకు ఏదీ చేరలేదు గానీ, రక్తపోటు మార్పు మూడు జతల్లోనూ పునరావృతమైంది.

ఆమె పుస్తకంలో మూడో జతలోని ఒక పేజీ అంకెలకంటే స్పష్టంగా మాట్లాడుతుంది: "పొద్దున మడమ ఫర్వాలేదు, మెట్లు ఎక్కాను. రాత్రి మామూలే, దుప్పటి తగిలినా మంట." ఆ రోజు ఆమె వేసుకున్నది నాప్రోక్సెన్.

మొదటి వారపు 7.3 నుంచి తొలి ప్లాసిబో వారాల 6.2కు పడిన తేడాను కూడా వదిలేయకూడదు. చీటీల వరుస ప్రకారం ఆమెకు ముందు వచ్చినది ప్లాసిబో. లాక్టోజ్ క్యాప్స్యూల్‌తోనే ఒక పాయింటుకు పైగా తగ్గుదల వచ్చింది. ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం, నొప్పి బాగా ఎక్కువైనప్పుడే చికిత్స మొదలుపెడతాం కాబట్టి ఆ తర్వాత సహజంగా కొంత దిగడం, రెండూ ఇందులో ఉన్నాయి. మధుమేహ నరాల నొప్పి పరీక్షల్లో ప్లాసిబో వర్గం గణనీయంగా మెరుగుపడటం పేరుపొందిన ఇబ్బంది. ప్లాసిబో లేకుండా నాప్రోక్సెన్ ఒక్కటే ఇచ్చి ఉంటే, ఆ పాయింటు కూడా మందు ఖాతాలోకే వెళ్లేది.

బలహీనత ఒకటుంది. ప్రతి రెండు వారాల చివర 'మీరు వేసుకున్నది ఏదనుకుంటున్నారు' అని అడిగితే, ఆరింటిలో ఐదుసార్లు ఆమె సరిగ్గా చెప్పారు. మడమ నొప్పి తగ్గడాన్ని బట్టే ఊహించానన్నారు. వేసుకున్నది ఏదో తెలియకుండా ఉంచిన ముసుగు కొంత తొలగినట్టే. అయితే మందు వేసుకుంటున్నానని తెలిసి కూడా రాత్రి మంటకు ఆమె తక్కువ అంకె వేయలేదు. కాబట్టి ఈ లోపం ప్రధాన ఫలితాన్ని బలహీనపరచకపోగా గట్టిపరుస్తుందని నా అభిప్రాయం.

ఎందుకిలా జరిగింది

'వాపు తగ్గించే మందు' అన్న పేరు వినగానే, నరంలో వాపు ఉంటే అది తగ్గాలి కదా అనిపించడం సహజం. మధుమేహ నరంలో ఆ వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్, నిజంగానే ఉంది. చక్కెర ఎక్కువైనప్పుడు దాన్ని సార్బిటాల్‌గా మార్చే పాలియోల్ మార్గం, చక్కెర అతుక్కున్న ప్రోటీన్లు, వాటిని పట్టుకునే రేజ్ గ్రాహకం, కణకేంద్రకంలో ఎన్ఎఫ్-కప్పా-బీ స్విచ్, చివరికి టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు రేపే రసాయనాల విడుదల. ఇలా సాగుతుంది ఆ గొలుసు. నరానికి తొడుగు అల్లే ష్వాన్ కణాలు, నరంలోకి చేరే మ్యాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు, వెన్నుపాములో అలాంటివే అయిన మైక్రోగ్లియా ఇందులో పాత్రధారులు. ఫలితంగా దెబ్బతిన్న సన్నని నరాలు ఏ తాకిడీ లేకుండానే సంకేతాలు పంపుతుంటాయి. నాప్రోక్సెన్ అడ్డుకునేది మాత్రం కాక్స్ ఎంజైమునే, అంటే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని. మోకాలి కీలులో, మడమ పట్టీలో నొప్పిని రేపడంలో ప్రోస్టాగ్లాండిన్లకు పెద్ద వాటా ఉంది. తనంతట తానే సంకేతాలు పంపుతున్న నరంలో వాటి వాటా చిన్నది. మందు చేరాల్సిన చోటికి చేరింది, కానీ అక్కడ అది ఆపగలిగినది ఎక్కువగా లేదు.

గతంలోని ఆధారం కూడా పలచనే. 1987లో ఐబుప్రొఫెన్, సులిండాక్‌లను మధుమేహ నరాల నొప్పిలో చూసిన ఒక చిన్న పరీక్ష మేలు జరిగిందని చెప్పింది. సులిండాక్ పాలియోల్ మార్గంలోని ఆల్డోజ్ రిడక్టేజ్ ఎంజైమును కూడా అడ్డుకుంటుంది కనుక అప్పట్లో ఆశలు కలిగాయి. కానీ 2015లో, పాత పరీక్షల ఆధారాలను జల్లెడపట్టే కాక్రేన్ సమీక్ష నోటి ద్వారా తీసుకునే ఈ తరగతి మందుల కోసం వెదికినప్పుడు, నరాల నొప్పిలో ప్రమాణాలకు నిలిచినవి రెండే పరీక్షలు దొరికాయి, 251 మందితో. అవి కూడా మధుమేహ నరాల మీద చేసినవి కావు. ప్రయోజనం ఉందనడానికి ఆధారం లేదన్నది సమీక్ష తేల్చిన మాట.

కాబట్టి ఈ ఒక్క రోగి ఫలితం నుంచి 'నరాల నొప్పిలో ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించడం వృథా' అని తేల్చడం తప్పవుతుంది. ఇక్కడ ఓడింది కాక్స్‌ను అడ్డుకునే దారి మాత్రమే. ఇతర దారుల్లో పరిశోధన సాగుతూనే ఉంది. యాంజియోటెన్సిన్ రెండో రకం గ్రాహకాన్ని అడ్డుకునే ఈఎంఏ401 ఒక చెప్పుకోదగ్గ ఉదాహరణ. ఆ గ్రాహకం నొప్పిని పెంచేది నరంలోకి చేరిన మ్యాక్రోఫేజ్‌ల ద్వారానని 2018లో జంతు పరిశోధనలు సూచించాయి. 2014లో సర్పి తర్వాతి నరాల నొప్పిలో ఈ మందు ప్లాసిబో కంటే మేలని తేలింది. మధుమేహ నరాల నొప్పిలో చేపట్టిన పరీక్షను మాత్రం 2019లో మధ్యలోనే ఆపేశారు. జంతువుల్లో దీర్ఘకాలం ఇచ్చి చూసినప్పుడు కాలేయానికి హాని కనబడటమే కారణం. ఎన్ఎఫ్-కప్పా-బీ మీద పనిచేసే, ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన సాల్సలేట్ సంగతీ గుర్తుంచుకోవాలి. 2013లో వెలువడిన 48 వారాల అధ్యయనంలో అది మధుమేహ రోగుల హెచ్‌బీఏ1సీని 0.37 శాతం తగ్గించింది గానీ, మూత్రంలో ఆల్బుమిన్‌ను పెంచింది. నొప్పి ఏళ్ల తరబడి ఉండేది, మందు కూడా ఏళ్ల తరబడి వేసుకోవాల్సిందే. ఈ జబ్బులో ఏ కొత్త మందు భవితవ్యమైనా కాలేయం, మూత్రపిండాల దగ్గరే తేలుతుందని నేననుకుంటాను.

ఇలాంటి మందుకు పెద్ద పరీక్ష రూపొందించేవారు, పాదంలో ఇంకో నొప్పి ఉన్నవారిని మినహాయించే షరతును సడలించకూడదు. చేరికలు నత్తనడకన సాగుతున్నప్పుడు ముందుగా సడలించాలనిపించేది ఇలాంటి షరతే. మా రోగిని 'కాళ్ల నొప్పి మొత్తం మీద ఎంత' అని ఒక్క గడిలో అడిగి ఉంటే, నాప్రోక్సెన్ నరాల నొప్పికి ఓ మోస్తరుగా పనిచేస్తుందన్న అబద్ధపు ఫలితం తేలేది. అలాంటివారు ప్రతి వర్గంలో నలుగురైదుగురు చేరినా, కీళ్ల మీద చూపిన ప్రభావం నరాల మీద చూపినట్టుగా నమోదవుతుంది. కనీసం నొప్పి రకాన్ని విడిగా అడిగే ప్రశ్నావళి, రాత్రి నొప్పికి విడి అంకె, పరీక్షకు ముందే పాదాన్ని వేళ్లతో నొక్కి చూడటం అవసరం. చివరిదానికి ఖర్చేమీ లేదు, రెండు నిమిషాల పని.

తర్వాత

అంకెలు చూపించినప్పుడు ఆమె మొదట నమ్మలేదు. తన చేతిరాతతో ఉన్న పుస్తకాన్నే మళ్లీ తిరగేసి చూసుకుని ఒప్పుకున్నారు. నాప్రోక్సెన్ ఆపేశాము. రక్తపోటు రెండు వారాల్లో మునుపటి స్థాయికి వచ్చింది. మడమకు పిక్క కండరం, అరికాలి పట్టీ సాగదీసే వ్యాయామాలు, మెత్తని మడమ ఉన్న పాదరక్షలు సూచించాము. స్పర్శ తగ్గిన పాదం కనుక వేడినీళ్ల కాపడం వద్దని గట్టిగా చెప్పాము. మోకాళ్లకు పైపూతగా డైక్లోఫెనాక్ జెల్ ఇచ్చాము, అందులోంచి రక్తంలోకి చేరేది చాలా కొద్ది కాబట్టి.

నరాల మంటకు, ఈసీజీ చూసిన తర్వాత, రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా.తో మొదలుపెట్టి 25 మి.గ్రా. వరకు నెమ్మదిగా పెంచాము. 2022లో వెలువడిన ఆప్షన్-డీఎం పరీక్షలో అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్ దేనితో మొదలుపెట్టినా, చాలనప్పుడు రెండోది కలిపితే, నొప్పి తగ్గడంలో మూడు దారులూ దాదాపు సమానమే అని తేలింది. అందువల్ల పాత చేదు అనుభవాలున్న రెండింటినీ పక్కనపెట్టి మూడోదాన్ని ఎంచుకోవడానికి సంకోచించలేదు. ఆరో వారానికి రాత్రి మంట సగటు 4.1. నోరు ఎండిపోతోందన్నారు గానీ మానేయాలనుకోలేదు. ఇంకా తగ్గాల్సి వస్తే ప్రీగాబలిన్‌ను ఈసారి చాలా చిన్న మోతాదులో, రాత్రి మాత్రమే కలిపి చూడటం, లేదా 8 శాతం క్యాప్సైసిన్ (మిరపలో ఘాటునిచ్చే పదార్థం) పట్టీ ప్రయత్నించడం పరిశీలనలో ఉన్నాయి. రెండు గడుల పుస్తకాన్ని ఆమె ఇంకా రాస్తూనే ఉన్నారు. మోతాదు మార్చేది మొదటి గడిని చూసి మాత్రమే.